కాక్స్-2, నేను, మా నాన్న క్రియాటినిన్

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాను. జావాలో కోడు రాసుకుని, రాసినదాంట్లో తప్పులు దిద్దుకుని బతికే మనిషిని. కాబట్టి ఇందులో ఉన్నదేదీ వైద్య సలహా కాదు. నిజం చెప్పాలంటే, వైద్య సలహా ఇవ్వడానికి నాలాంటివాడు ఎందుకు పనికిరాడో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా నాన్న లెక్కల మాస్టారు. రిటైరయ్యాక తెనాలి దగ్గర మా పల్లెటూళ్ళోనే ఉంటున్నారు. మోకాళ్ళ నొప్పులు పాతికేళ్ళ నించీ ఉన్నాయి. నొప్పి ఎక్కువైతే మందుల షాపులో ఏది ఇస్తే అది వేసుకోవడం, తగ్గితే మానేయడం. 2021 చివర్లో విరేచనంలో రక్తం కనపడింది. మా ఊరి ఆర్.ఎం.పి. "మొలలు మాస్టారూ, వేడి చేసింది" అన్నాడు. మజ్జిగ తాగమన్నాడు, ఏవో బిళ్ళలిచ్చాడు. నాన్న నాకు చెప్పలేదు, అమ్మకీ చెప్పలేదు. ఆర్నెల్లు మజ్జిగ తాగారు.

2022 జూన్‌లో మెట్లెక్కుతూ ఆయాసపడి కూర్చుండిపోతే అప్పుడు రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 7.8. హైదరాబాదు తీసుకొచ్చి కొలనోస్కోపీ చేయిస్తే పెద్దపేగులో ఎడమవైపు కణితి. జులైలో ఆపరేషన్. తీసిన పద్దెనిమిది లింఫ్ గ్రంథుల్లో మూడింటిలో క్యాన్సర్ కణాలున్నాయని రిపోర్టు వచ్చింది. అంటే మూడో దశ. ఎనిమిది విడతల కీమో ఇవ్వాలన్నారు. ప్రతి మూడు వారాలకీ ఒక రోజు డ్రిప్‌లో ఆక్సాలిప్లాటిన్, తర్వాత పధ్నాలుగు రోజులు కేపసైటబిన్ బిళ్ళలు, ఒక వారం విశ్రాంతి.

ఇక మన సంగతి తెలుసు కదా. ప్రొడక్షన్‌లో ఏదన్నా పేలితే మనం ఊరుకోం, లాగ్‌లు తవ్వుతాం. నేనూ తవ్వడం మొదలుపెట్టాను. పగలు ఆఫీసు, రాత్రి పన్నెండు దాటేదాకా రీసెర్చ్ పేపర్లు. ఒక నెల తిరిగేసరికి నాకో విలన్ దొరికాడు. వాడి పేరు కాక్స్-2. పూర్తి పేరు సైక్లో ఆక్సిజనేజ్-2. ఒక ఎంజైమ్.

వీడి కథ నిజంగా బావుంటుంది, చెప్తా వినండి.

1863లోనే రుడాల్ఫ్ విర్కోవ్ అనే జర్మన్ డాక్టరు కణితుల్లో తెల్ల రక్తకణాలు చేరి ఉండడం గమనించాడు. ఎక్కడైతే ఏళ్ళ తరబడి వాపూ, మంటా ఉంటాయో అక్కడ క్యాన్సర్ పుడుతోందేమో అని ఆయన అనుమానం. ఆ తర్వాత దాన్ని చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1986లో హెరాల్డ్ డ్వొరాక్ అనే అమెరికన్ పాథాలజిస్టు ఒక వ్యాసం రాస్తూ కణితుల్ని మానని గాయాలన్నాడు. చెయ్యి తెగితే ఏమవుతుంది? అక్కడ వాపు వస్తుంది, కొత్త రక్తనాళాలు మొలుస్తాయి, కణాలు గబగబా విభజన చెందుతాయి, గాయం మూసుకోగానే అన్నీ సద్దుమణుగుతాయి. కణితి కూడా ఇదే యంత్రాంగాన్ని వాడుకుంటుంది. తేడా ఒక్కటే, సద్దుమణగదు. మన భాషలో చెప్పాలంటే లూప్ మామూలుదే, బయటకొచ్చే షరతు మాత్రం ఎవరో చెరిపేశారు.

ఈ రిపేరు పనికి సిగ్నల్ ఇచ్చేవాటిలో ముఖ్యమైనవి ప్రోస్టాగ్లాండిన్లు. కణాల పొరల్లో ఉండే అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు నించి వీటిని తయారుచేసేదే కాక్స్ ఎంజైమ్. యాస్పిరిన్ 1899 నించీ అమ్ముతున్నా అది ఎలా పనిచేస్తోందో చాలాకాలం తెలీదు. 1971లో జాన్ వేన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త, యాస్పిరిన్ ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపేస్తోందని చూపించాడు. దానికి 1982లో ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ కూడా వచ్చింది.

1991లో తేలిందేమిటంటే ఈ కాక్స్ ఒకటి కాదు, రెండు. కాక్స్-1 ఎప్పుడూ నడుస్తూ ఉండే సర్వీసు లాంటిది. కడుపు లోపలి పొరని కాపాడడం, ప్లేట్‌లెట్లు రక్తాన్ని గడ్డకట్టించడానికి సాయపడడం లాంటి రోజువారీ పనులు దానివి. కాక్స్-2 అలా కాదు, దెబ్బ తగిలినప్పుడో, ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడో పిలిస్తే వచ్చి పని చేసి పోయే రకం. (అని నేను అప్పుడు అర్థం చేసుకున్నాను. ఈ బ్రాకెట్లో మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.)

ఇప్పుడు క్యాన్సర్ సంగతి. 1994లో అమెరికాలో రేమండ్ డుబోయ్ బృందం, పెద్దపేగు క్యాన్సర్ కణితుల్లో చాలావాటిలో కాక్స్-2 మామూలుకన్నా బాగా ఎక్కువగా తయారవుతోందని చూపించింది. పక్కనే ఉన్న మంచి పేగు ముక్కలో ఆ పోకడ లేదు. 1996లో జపాన్ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకేశారు. పేగుల నిండా పాలిప్‌లు పుట్టేలా జన్యువు మార్చిన ఎలుకల్లో కాక్స్-2 జన్యువుని కూడా తీసేశారు. పాలిప్‌ల సంఖ్య దారుణంగా పడిపోయింది.

ఎందుకంటారా? కాక్స్-2 ఎక్కువైతే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 ఎక్కువవుతుంది. అది కణాన్ని విభజన చెందమంటుంది. చావాల్సిన కణాన్ని చావనివ్వదు. కొత్త రక్తనాళాల్ని పిలుస్తుంది. చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగించే ఎంజైములకి ఊతమిస్తుంది. క్యాన్సర్ కణాన్ని చంపడానికొచ్చే టి-కణాల్ని జోకొట్టి పడుకోబెడుతుంది. ఒకే ఎంజైము, కణితి పెరగడానికి కావలసిన ప్రతి పనిలోనూ చెయ్యి పెడుతోంది.

కణితి పెరగడం ఒక ఎత్తు, వేరే చోటికి పాకడం ఇంకో ఎత్తు. క్యాన్సర్ చంపేది ఎక్కువగా పాకే గుణంతోనే. 2007లో న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్‌లో జోన్ మసాగే బృందం, రొమ్ము క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకడానికి సాయపడే నాలుగు జన్యువుల జట్టుని బయటపెట్టింది. అందులో కాక్స్-2 ఒకటి. కణితిలో రక్తనాళాలు కట్టడం, కణాలు రక్తంలోకి జారుకోవడం, ఊపిరితిత్తుల దగ్గర నాళాల గోడ దాటి బయటికి రావడం, ఇదంతా ఈ జట్టు పని. 2009లో అదే బృందం, మెదడుకి పాకే కణాల్లోనూ కాక్స్-2 ఉందని చూపించింది.

రాత్రి రెండింటికి ఇది చదివితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పక్క గదిలో నాన్న నిద్రపోతున్నారు. ఆయన ఒంట్లో ఎక్కడన్నా ఒక క్యాన్సర్ కణం మిగిలి ఉంటే, అది ఈ క్షణాన కాక్స్-2 వాడుకుని ఏ లివర్‌లోకో దూరుతుండొచ్చు. కాక్స్-2ని ఆపే మందు సెలెకాక్సిబ్ 1999 నించీ మార్కెట్లో ఉంది. మా అపార్ట్‌మెంట్ కింద మందుల షాపులో దొరుకుతుంది. పైగా అది మోకాళ్ళ నొప్పులకి వాడేదే! నాన్నకి మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి కూడా! దేవుడే నా కోసం రాసిపెట్టాడనిపించింది.

అదే రోజుల్లో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పసుపు మెసేజీలు వస్తుండేవి. పొద్దున్నే పరగడుపున పసుపు, మిరియాలు కలిపి తాగితే క్యాన్సర్ మాయం అని. మా బాబాయి అయితే రోజూ ఫోన్ చేసి "పెట్టారా లేదా" అని అడిగేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. "బాబాయ్, గిన్నెలో కణాల మీద పనిచేసింది మనిషిలో పనిచెయ్యాలని లేదు" అని పెద్ద లెక్చరిచ్చాను. పసుపులోని కర్కుమిన్ మీద 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు రాసిన సమీక్ష కూడా చూపించాను. నూటిరవైకి పైగా ప్రయోగాలు మనుషుల మీద చేసినా, సరైన పద్ధతిలో జరిగిన ఒక్కదాంట్లోనూ నిలిచే ఫలితం రాలేదని అందులో ఉంది. బాబాయి చిన్నబుచ్చుకుని ఫోన్ పెట్టేశాడు.

ఆ లెక్చరిచ్చిన వారంలోనే నేను సెలెకాక్సిబ్ కొన్నాను. చీటీ అడగలేదు. రెండో విడత కీమో మొదలైన మూడో రోజు నించి ఉదయం 200, సాయంత్రం 200. డోసు కూడా నేనే నిర్ణయించాను.

అమ్మ ఒకటే మాట అడిగింది. "ఒరేయ్, డాక్టరు గారితో చెప్పావా?"

"చెప్పాలే అమ్మా" అన్నాను.

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడుక్కున్నాను. ఓపీలో ఆయన చుట్టూ నలభైమంది ఉంటారు, మనకి దొరికేది ఐదు నిముషాలు, అందులో పేపర్ల గురించి ఎక్కడ మాట్లాడతాం, ఇదొక సాకు. వద్దంటాడేమో అన్నది అసలు కారణం. రివ్యూకి పెడితే రిజెక్ట్ అవుతుందని తెలిసిన కోడుని నేరుగా ప్రొడక్షన్‌లోకి తోసేవాళ్ళని మనం ఏమంటాం? అదే నేను చేసింది.

నాన్న మాత్రం అసలేమీ అడగలేదు. చేతిలో పెడితే వేసుకున్నారు.

పదిహేను రోజులకి నాన్నకి విరేచనాలు పట్టుకున్నాయి. కేపసైటబిన్‌తో అది మామూలే అని ముందే చెప్పారు కాబట్టి ఓఆర్ఎస్ తాగించి ఊరుకున్నాం. పాదాలు ఉబ్బాయి. ఎక్కువసేపు కూర్చున్నారేమో అనుకున్నాం. చెప్పడం మర్చిపోయాను, నాన్నకి బీపీ ఉంది. పదేళ్ళుగా టెల్మిసార్టాన్ వాడుతున్నారు. మూడో విడత కీమో ముందు రక్తపరీక్షలు చేస్తే క్రియాటినిన్ 2.4. అంతకు ముందు నెల 1.1.

డాక్టరు గారు రిపోర్టు చూసి, మళ్ళీ చూసి, "మాస్టారూ, కొత్తగా ఏవైనా మందులు వాడుతున్నారా? నొప్పి బిళ్ళలేమైనా?" అన్నారు.

నేను పక్కనే కూర్చున్నాను. నోరు పెగల్లేదు.

నాన్న చేతిసంచీలోంచి లాంగ్ నోట్‌బుక్ తీశారు. లెక్కల మాస్టారు కదా, వేసుకున్న ప్రతి బిళ్ళా గళ్ళు గీసి రాస్తారని నాకు తెలుసు గానీ ఎప్పుడూ తెరిచి చూడలేదు. తేదీ, మందు పేరు, వేళ, చెప్పినవారు. టెల్మిసార్టాన్ పక్కన గుంటూరు డాక్టరు పేరుంది. కీమో బిళ్ళల పక్కన ఈయన పేరుంది. సెలెకాక్సిబ్ 200, ఉదయం, సాయంత్రం. చెప్పినవారు: మా అబ్బాయి. పక్క గడిలో అదే. దాని కింద గడిలో అదే. పదహారు రోజులు, ముప్ఫై రెండు గళ్ళు.

డాక్టరు గారు నన్ను తిట్టలేదు. తిట్టినా బావుండేది. పుస్తకం మూసి నాన్నకిచ్చి, నా వైపు తిరిగి ఏం జరిగిందో చెప్పారు.

పైన బ్రాకెట్లో పెట్టిన మాట ఇప్పుడు చూడండి. కాక్స్-2 పిలిస్తేనే వస్తుంది అన్నది సగమే నిజం. కిడ్నీలో అది ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసేది అక్కడ తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లే. నాన్నకి విరేచనాలతో ఒంట్లో నీళ్ళు తగ్గాయి. టెల్మిసార్టాన్ కిడ్నీ వడపోత ఒత్తిడిని తనవైపు నించి తగ్గించింది. మిగిలిన ఒక్క ఆధారాన్నీ నేను నా చేత్తో రోజుకి రెండుసార్లు తీసేశాను. మూడూ ఒకేసారి జరిగితే కిడ్నీ దెబ్బతింటుందని ఏ జనరల్ ఫిజీషియన్నడిగినా చెప్తాడట.

అసలు దెబ్బ అది కూడా కాదు. కేపసైటబిన్ డోసు కిడ్నీ పనితీరుని బట్టి ఉంటుంది. నాన్న వయసు అరవై ఎనిమిది, బరువు అరవై కిలోలు. 2.4 క్రియాటినిన్‌తో లెక్కకడితే ఆ మందు అసలు ఇవ్వకూడని స్థితి. కాబట్టి కీమో ఆపేశారు. క్యాన్సర్ పాకకుండా ఆపుదామని నేను వేసిన బిళ్ళ, క్యాన్సర్ పాకకుండా ఆపుతుందని రుజువైన మందుని ఆపేసింది.

ఐదు రోజులు ఆస్పత్రిలో సెలైన్లు పెట్టారు. క్రియాటినిన్ మెల్లిగా దిగింది. 2.4, 2.1, 1.8, 1.6. రోజూ ఉదయం ఆ ఒక్క అంకె కోసం లేబొరేటరీ కౌంటర్ దగ్గర నిలబడేవాణ్ణి. మూడు వారాలకి 1.3 దగ్గర ఆగింది, అంతకన్నా కిందికి రాలేదు. కీమో మళ్ళీ మొదలుపెట్టారు, డోసు తగ్గించి. ఆ మూడు వారాల ఆలస్యం వల్ల, ఆ తగ్గించిన డోసు వల్ల ఏమన్నా తేడా పడిందా లేదా అన్నది ఎవరూ చెప్పలేరు. ఆ ప్రశ్న నాతోనే ఉంటుంది.

ఆస్పత్రిలో ఆ ఐదు రాత్రులు మళ్ళీ చదివాను. ఈసారి వెతికిన మాటలు మార్చాను. అంతకుముందు నేను వెతికింది "కాక్స్-2 ఆపితే క్యాన్సర్ ఆగుతుందా" అని. ఆ మాటలతో వెతికితే ఆగుతుందని చెప్పే పేపర్లే వస్తాయి. ఈసారి "సెలెకాక్సిబ్ ఇస్తే రోగికి ఏమయింది" అని వెతికాను. వచ్చినవి చూసి తల తిరిగింది.

రోఫెకాక్సిబ్ అని ఇలాంటి మందే ఇంకొకటి ఉండేది, వయాక్స్ పేరుతో ప్రపంచమంతా అమ్మారు. 2004 సెప్టెంబర్ 30న కంపెనీయే దాన్ని వెనక్కి తీసుకుంది. గుండెపోట్ల వల్ల అని మనందరికీ గుర్తుండే ఉంటుంది. కానీ అది బయటపడింది ఏ ప్రయోగంలో? పెద్దపేగులో పాలిప్‌లు మళ్ళీ రాకుండా ఆపగలదా అని 2,586 మంది మీద చేసిన ప్రయోగంలో! అంటే నాకొచ్చిన ఆలోచనే, నాకన్నా పద్దెనిమిదేళ్ళ ముందు, నాకన్నా బాగా చదువుకున్నవాళ్ళు పద్ధతిగా పరీక్షించారు. గుండెపోట్లు, పక్షవాతాలు దాదాపు రెట్టింపయ్యాయి. అదే ఏడాది డిసెంబర్లో, సెలెకాక్సిబ్ మీద 2,035 మందితో నడుస్తున్న ఇలాంటి పాలిప్‌ల ప్రయోగాన్ని కూడా అదే కారణంతో ఆపేశారు. అక్కడ పాలిప్‌లు నిజంగానే తగ్గాయి, మూడో వంతుకి పైగా. మందు చెప్పిన పని చేసింది. చెప్పని పని కూడా చేసింది. రక్తనాళాల గోడల్లో గడ్డకట్టకుండా కాపాడే ప్రోస్టాసైక్లిన్ తయారీకి కూడా కాక్స్-2 కావాలి. దాన్ని ఆపి, గడ్డకట్టించే కాక్స్-1ని వదిలేస్తే త్రాసు ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. మన దేశంలో కూడా రోఫెకాక్సిబ్‌ని 2004 డిసెంబర్లోనే నిషేధించారు.

ఇంకొకటి ఉంది. అది చదివినప్పుడు నిజంగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడో దశ పెద్దపేగు క్యాన్సర్, ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. దానికి సెలెకాక్సిబ్ రోజుకి 400 మి.గ్రా. జతచేస్తే లాభమా? అచ్చం మా నాన్న పరిస్థితి, అచ్చం నేనిచ్చిన డోసు. అమెరికా, కెనడాల్లో 2,526 మంది మీద చేసిన ప్రయోగం అది. ఫలితాలు 2021లోనే వచ్చాయి. మూడేళ్ళ తర్వాత క్యాన్సర్ తిరగబెట్టకుండా బతికున్నవాళ్ళు సెలెకాక్సిబ్ వేసుకున్నవాళ్ళలో 76.3 శాతం, ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో 73.4 శాతం. గణాంకాల లెక్కన ఇది తేడా కిందికి రాదు. నేను మందు కొనేనాటికి ఈ జవాబు వచ్చి ఏడాది దాటింది. నేను దాన్ని చదవలేదు. చదవలేదనడం కన్నా, చదవకుండా ఉండేలా వెతికాను అనడం కరెక్టు.

మా బాబాయికీ నాకూ తేడా ఏమిటి? ఆయనది వాట్సాప్, నాది పీడీఎఫ్. అంతే కదా. పైగా ఆయన పసుపు ఏ కీమోనీ ఆపలేదు. ఆయన రోజూ ఫోన్ చేసి అడిగాడు, నేనైతే అడక్కుండానే ఇచ్చేశాను. (డిశ్చార్జి అయ్యాక బాబాయికి ఫోన్ చేసి సారీ చెప్పాను. "ఎందుకురా?" అన్నాడు. కారణం మాత్రం చెప్పలేకపోయాను.)

ఇంతకీ కాక్స్ కథంతా వట్టిదేనా అంటే, కానే కాదు. అక్కడే ఉంది చిత్రం. లించ్ సిండ్రోమ్ అని వంశపారంపర్యంగా పెద్దపేగు క్యాన్సర్ వచ్చే కుటుంబాలున్నాయి. వాళ్ళలో 861 మందికి జాన్ బర్న్ బృందం రోజుకి 600 మి.గ్రా. యాస్పిరిన్ లేదా ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి ఏళ్ళ తరబడి గమనించింది. కనీసం రెండేళ్ళు యాస్పిరిన్ వాడినవాళ్ళలో పెద్దపేగు క్యాన్సర్లు బాగా తగ్గాయని 2011లో ప్రచురించారు. కానీ అదే యాస్పిరిన్‌ని ఆరోగ్యంగా ఉన్న 19,114 మంది ముసలివాళ్ళకి ఇచ్చి చూసిన ప్రయోగంలో, 2018లో వచ్చిన ఫలితం తలకిందులు. క్యాన్సర్ చావులు తగ్గకపోగా కాస్త పెరిగాయి. ఒకే బిళ్ళ, ఎవరికి ఇస్తున్నాం అన్నదాన్ని బట్టి మందవుతుంది, కాకుండా పోతుంది.

2025లో రెండు ముఖ్యమైన పేపర్లొచ్చాయి. మార్చిలో కేంబ్రిడ్జ్‌లో రాహుల్ రాయ్‌చౌధురి బృందం ఎలుకల్లో చూపించినదేమిటంటే, ప్లేట్‌లెట్లు తయారుచేసే త్రాంబాక్సేన్ ఎ2 అనే పదార్థం టి-కణాల్ని అణిచేస్తోంది, దానివల్ల పాకుతున్న క్యాన్సర్ కణాలు తప్పించుకుంటున్నాయి. యాస్పిరిన్ ఆ త్రాంబాక్సేన్‌ని ఆపుతుంది. ప్లేట్‌లెట్లలో దాన్ని తయారుచేసేది ఏ ఎంజైమో తెలుసా? కాక్స్-1! నేను విలన్ అనుకున్నవాడు కాదు, రోజువారీ పనులు చేసుకునే మంచివాడు అనుకున్నవాడు. క్యాన్సర్ పాకే కథలో వీడిక్కూడా వేషం ఉందన్నమాట. నేనిచ్చిన సెలెకాక్సిబ్ ఈ దారిని ముట్టుకోను కూడా ముట్టుకోదు.

రెండోది సెప్టెంబర్లో స్వీడన్ వాళ్ళ ఆధ్వర్యంలో వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్ళ కణితిలో పీఐకే3సీఏ, దాని దారిలోనే ఉండే ఇంకో రెండు జన్యువుల్లో మార్పులున్నాయేమో చూశారు. సుమారు 37 శాతం మందిలో ఉన్నాయి. వాళ్ళలో 626 మందికి మూడేళ్ళపాటు రోజుకి 160 మి.గ్రా. యాస్పిరిన్ లేదా ఉత్తుత్తి బిళ్ళ. పీఐకే3సీఏలో ప్రధానమైన మార్పులున్న గుంపులో క్యాన్సర్ తిరగబెట్టినవాళ్ళు యాస్పిరిన్‌తో 7.7 శాతం, లేకుండా 14.1 శాతం. దాదాపు సగం! తీవ్రమైన దుష్ప్రభావాలు కూడా యాస్పిరిన్ వాళ్ళలోనే ఎక్కువ, 16.8 శాతం, అవతల 11.6. ఈ అంకెల్ని రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదవడం నాకు 2022లో వచ్చిన చదువు.

ఈ పేపర్ చదవగానే చెయ్యి దురద పెట్టిందంటే నమ్ముతారా? యాస్పిరిన్ స్ట్రిప్పు మా ఇంట్లోనే ఉంది. ఈసారి మాత్రం పేపర్ ప్రింటు తీసి, ఒక కాగితం మీద రెండు ప్రశ్నలు రాసుకుని, రివ్యూకి వెళ్ళినప్పుడు డాక్టరు గారి ముందు పెట్టాను. ఆయన పేపర్ అప్పటికే చదివారు. "ఇందులో వాళ్ళు ఆపరేషన్ అయిన మూడు నెలల్లోపు మొదలుపెట్టారు. మీ నాన్నగారికి మూడేళ్ళు దాటింది. ఇప్పుడు మొదలుపెడితే ఏమవుతుందో ఈ ప్రయోగం చెప్పదు. పేగులో రక్తం పోయిన మనిషి, కిడ్నీ కొంచెం దెబ్బతిన్న మనిషి. నేనైతే ఇవ్వను" అన్నారు. ఆ జవాబుకి పట్టిన సమయం రెండు నిముషాలు. 2022లో ఆ రెండు నిముషాలు అడగడానికే నాకు నోరు రాలేదు.

నాన్న బావున్నారు. మొన్న మూడేళ్ళ స్కానులో ఏమీ కనపడలేదు. వేళ్ళ చివర తిమ్మిర్లు మిగిలాయి, చొక్కా గుండీలు అమ్మ పెడుతుంది. క్రియాటినిన్ 1.3 దగ్గరే ఉంది. ఆ మధ్య ఒకరోజు ధైర్యం చేసి అడిగాను, "నాన్నా, అప్పుడు ఆ బిళ్ళ దేనికని ఒక్కసారి కూడా అడగలేదేం?" అని.

"నువ్వు అంతంత రాత్రులు కూర్చుని చదువుతున్నావు కదరా, తెలిసే ఇచ్చుంటావనుకున్నా" అన్నారు. కాసేపాగి, "వెయ్యిమందిని చంపితేగానీ వైద్యుడు కాడంటారు. నువ్వు ఒక్కణ్ణి కూడా చంపలేకపోయావు, నీకా డిగ్రీ రాదులే" అని నవ్వారు.

నేను నవ్వలేకపోయాను.

మనందరి ఇళ్ళలోనూ అమ్మానాన్నలు పెద్దవాళ్ళవుతున్నారు. ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఫోన్లో మందులు చెప్పేది మనమే. అమెరికా నించి డబ్బాలు పంపేది మనమే. మన మాట వాళ్ళు డాక్టరు మాటకన్నా ఎక్కువ నమ్ముతారు, మనం చదువుకున్నామని. అందుకే చిన్న మాటలు రెండు. విరేచనంలో రక్తం కనపడితే మొలలని ఎవరు చెప్పినా సరే, యాభై దాటినవాళ్ళయితే మరీను, డాక్టరుకి చూపించి పరీక్ష చేయించండి. వాళ్ళని మొహమాటపడకుండా అడగండి, మా నాన్నలా దాచుకుంటారు. రెండోది, వాళ్ళు వేసుకునే ప్రతి బిళ్ళా, నొప్పి బిళ్ళలతో సహా, ఒక కాగితం మీద రాయించి డాక్టరుకి చూపించండి.

మా నాన్న పుస్తకం ఇప్పుడు రెండోది నడుస్తోంది. పోయిన నెల వెళ్ళినప్పుడు తెరిచి చూశాను. చెప్పినవారు అన్న గడిలో డాక్టర్ల పేర్లే ఉన్నాయి. ఒక్కచోట మాత్రం ఉంది, జలుబు చేసినప్పుడు: ఆవిరి, రాత్రి, చెప్పినవారు: మా అబ్బాయి.